గాలిలో నిలిచిన తుంపర

కొట్టు నుంచి

చిరంజీవి మిరియానికి పెదనాన్న దీవెనలు.

నువ్వు పంపిన సీసా అందింది. అందగానే ఫోన్ చెయ్యమన్నావు. అది చెవికి ఆనించుకుంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే కుంచెతో ఒక పాత బూటుకు పూసి ఆరబెట్టాను. మీ పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. పోశాను. అమ్మాయీ, నీళ్లు అంటలేదు. పూసల్లా దొర్లి కింద పడ్డాయి. చెయ్యి పెట్టి చూస్తే బూటు పొడిగా ఉంది. మళ్లీ పోశాను. మళ్లీ పొడి. చిన్నప్పటి నుంచీ తోలుతోనే బతుకుతున్నాను. తోలు నీళ్లు వద్దనడం ఎప్పుడూ చూడలేదు. నిలబడిపోయాను. అసలే నాకు మాటలు తక్కువ, ఉన్నవీ పోయాయి.

మీ పెద్దమ్మకు ఏమీ పోలేదు. "ఆ మిగిలింది మీ మొహానికి పూసుకోండి. నేనేమన్నా అంటకుండా జారిపోతుంది" అంది. "ఇప్పుడు మాత్రం అంటుతోందా" అన్నాను. ఆ కోపమంతా బూటు మీద చూపించింది. బిందె తెచ్చి కుమ్మరించింది. గచ్చంతా తడి, బూటు తప్ప.

ఇది ఏమిటో నాకు తెలిసేలా రాయి. మైనమా, నూనెనా? చేతికి జిడ్డు తగలడం లేదు. కాస్త భయంగా కూడా ఉంది.

పెదనాన్న

ఒసే మిరియం, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఈయనకు ఒక పూట పట్టింది. వేళకు తింటున్నావా? — పెద్దమ్మ


ప్రయోగశాల నుంచి

పెదనాన్నకు, పెద్దమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. తోలు నీళ్లు వద్దనడం అన్న మాటను మా మేనేజరు గారు రెండోసారి చదివించుకున్నారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఇస్త్రీ. చొక్కాకు మడత ఉండదు, మొహానికీ ఉండదు.

అది మైనం కాదు, నూనె కాదు. తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా. ఆకు నున్నగా ఉండటం వల్ల బొట్టు జారుతుందని నేనూ అనుకునేదాన్ని. పెద్ద సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకంతా గుబ్బలు గుబ్బలుగా ఉంది, గుబ్బల మీద మైనపు నూగు. బొట్టు ఆ మొనల మీద నిలబడుతుంది. దాని కింద గాలి. సందుల్లోకి దిగితేనే ఆకు తడుస్తుంది, దిగలేక దొర్లిపోతుంది. మీ సీసాలో ఉన్నవి అలాంటి రేణువులే. ద్రవం ఆరిపోయాక తోలు మీద గుబ్బల్లా నిలుస్తాయి. వాటి మీద నీళ్లంటే గిట్టని పలచని పొర ఒకటి ఉంటుంది.

ఎంత చిన్నవంటే, మీ గోరు పెరుగుతూనే ఉంటుంది కానీ కళ్లకు కనబడదు కదా. ఒక్క సెకనులో అది దాదాపు ఎంత పెరుగుతుందో, అంత పొడవును నానోమీటరు అంటారు. ఈ రేణువులు అలాంటివి కొన్ని పదుల పొడవు ఉంటాయి. గోరంత అనడానికి కూడా పనికిరావు.

ఇంకో విచిత్రం రాస్తాను. వస్తువు అదే అయినా, ఇంత చిన్నగా చేస్తే దాని గుణం మారిపోతుంది. బంగారాన్ని ఈ కొలతకు తెచ్చి నీళ్లలో కలిపితే ఎర్రగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చేతిలో గాజు గొట్టం ఉందన్న సంగతే మరిచిపోయాను.

మీరు భయపడకండి. తాగకూడదు, అంతే. చేతికి తగిలితే కడుక్కుంటే పోతుంది. పెద్దమ్మా, తింటున్నాను.

మీ మిరియం


కొట్టు నుంచి

చిరంజీవి మిరియానికి,

బంగారం సంగతి చదివి మీ పెద్దమ్మ ఉంగరం తీసి కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడా ఎరుపు లేదు. పిల్ల మనల్ని ఆడిస్తోంది" అంది. నేను నమ్మాను. నమ్మాక ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. పట్టుకున్న ప్రతి వస్తువూ లోపల ఇంకేదో అయి ఉంటుందనిపించింది.

ఒక ఇబ్బంది వచ్చింది. పైన మెత్తని నూగు ఉండే తోలు బూట్లకు కుంచెతో పూస్తే చారలు పడుతున్నాయి. మనకు ఉత్తరాలు తెచ్చే తపాలమ్మ బూట్లు అలాగే పాడుచేశాను. ఆవిడ చూసి, అవే తొడుక్కుని వెళ్లింది. తిట్టినా బాగుండేది.

అందుకని మీ పెద్దమ్మ ఖాళీ అత్తరు సీసా తీసుకున్నాను. మూతి నొక్కితే చిమ్మే సీసా. కడిగి అందులో పోసి చిమ్మాను. చినుకుల్లా బరువుగా పడింది. చారలు లేవు. తపాలమ్మ బూట్లు కూడా బాగుపడ్డాయి.

వెనక గదిలోనే చేస్తున్నాను. జిగురు ఆరేదాకా వీధి దుమ్ము పడకుండా తలుపూ కిటికీ మూస్తాం కదా. మీ పెద్దమ్మ అక్కడే కూచుని కుట్టు చివర మిగిలిన దారాలు కత్తిరిస్తుంది. తను మాట్లాడుతుంది. నేను వింటాను.

పెదనాన్న

ఆ సీసా ఖాళీది కాదే. అడుగున ఇంకా ఉంది. ఎవరిని అడిగి పారబోశారో కనుక్కో. — పెద్దమ్మ


ప్రయోగశాల నుంచి

పెదనాన్నా,

మీ సీసా సంగతి ఇస్త్రీ గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. మా కోసం ఆయన లేవడం ఎవరూ చూడలేదు. "కుంచె పెట్టి ఎవరు కొంటారమ్మా? మీ పెదనాన్న దారి చూపించారు" అన్నారు. ఇప్పుడు గ్యాసు నింపిన డబ్బాలో వస్తోంది. మీట నొక్కితే చాలు, దానంతట అదే చిమ్ముతుంది. వానలు ముదరకముందే ఊళ్లన్నిటికీ పంపిస్తారట.

నాకు కిటికీ పక్కన సొంత బల్ల ఇచ్చారు. ఇన్నాళ్లూ నేను నిలబడే పని చేశాను. కుర్చీ నాదేనా అని అడిగితే అందరూ నవ్వారు.

మొదట తయారైన వాటిలో ఒక డబ్బా మీకు పంపుతున్నాను. ద్రవం మీరు వాడుతున్నదే, చుక్క కూడా మార్చలేదు. పెద్దమ్మా, అత్తరు సీసా నేను కొనిస్తాను, ఆయన్ని వదిలెయ్యి.

మీ మిరియం


కొట్టు నుంచి

చిరంజీవి మిరియానికి,

డబ్బా అందింది. నొక్కితే పొగమంచులా వచ్చింది. కింద పడలేదు. దీపం వెలుగులో చాలాసేపు తేలుతూ కనిపించింది. అందంగా ఉంది. మీ పెద్దమ్మ కత్తెర ఆపి చూసింది.

నా ఆలోచన డబ్బాలోకి ఎక్కిందని మీ పెద్దమ్మ వీధంతా చెప్పింది. పక్క కొట్టు తాళాలాయన వచ్చి నాకు వంగి దండం పెట్టాడు. నేను లోపలికి పోయాను.

వానలు మొదలయ్యాయి. బూట్లు గుట్ట పడ్డాయి. నేను వెనక గదిలో వరసగా అన్నిటికీ కొట్టేసి, ముందుకు వచ్చి మనుషులను చూసుకుంటున్నాను. మీ పెద్దమ్మకు కాస్త దగ్గు. ఎండ వస్తే తగ్గుతుంది.

పెదనాన్న


నా గది నుంచి

పెదనాన్నా,

ఉత్తరం కింద పెద్దమ్మ రాత లేదు. కాగితం వెనక్కి తిప్పాను. కవరు చింపి లోపల చూశాను. మీరు నన్ను హాస్టలు బడిలో వేసినప్పటి నుంచి, ఆవిడ చివాట్లు లేకుండా మీ ఉత్తరం ఒక్కటీ రాలేదు.

పోట్లాడుకున్నారా? అలా అయితే సంతోషిస్తాను. కాకపోతే నిజం రాయండి.

మిరియం


ఆసుపత్రి వరండా నుంచి

చిరంజీవి మిరియానికి,

మీ పెద్దమ్మ ఆసుపత్రిలో ఉంది. నేను కిందటి ఉత్తరం రాసేటప్పటికే ఇక్కడ చేర్చాం. కొత్త బల్ల ముందు కూచున్నావు, ఆ సంతోషం చెడగొట్టడమెందుకని రాయలేదు.

గుట్ట పని చేసిన రోజు గొంతు గరగరలాడుతోందని అంది. సాయంత్రానికి వణుకు పట్టింది. ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి మీ పెద్దమ్మ మాట మధ్యలో ఆగడం నేను చూడలేదు. తలెత్తి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. పక్క కొట్టుకు పరుగెత్తాను. తాళాలాయనే తన బండి మీద తెచ్చాడు.

ఊపిరితిత్తుల బొమ్మ తీశారు. నల్లగా ఉండాల్సింది తెల్లగా ఉందట. నాకూ చూపించారు. కిటికీ అద్దానికి ఆవిరి పట్టినట్టు ఉంది. ముక్కుకూ నోటికీ కలిపి గాలి తొడుగు పెట్టారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి "ఏం పీల్చింది తాతా?" అని అడిగింది. జిగురు అన్నాను. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేమిటి?" అంది.

పగలు ఇక్కడ, సాయంత్రం కొట్లో. ఒప్పుకున్న బూట్లు ఇచ్చెయ్యాలి. నీ డబ్బా ఉంది కాబట్టి త్వరగా తెములుతోంది. అదొక్కటే మేలు. రెండు రోజులుగా నాకూ గొంతు పట్టేసినట్టుంది.

పెదనాన్న


ప్రయోగశాల నుంచి

పెదనాన్నా,

ఈ ఉత్తరం చేరేలోపే మీకు తెలిసి ఉంటుంది. తాళాలాయనకు ఫోన్ చేశాను. మీ తలుపులు తెరవమన్నాను, డబ్బా పెరట్లో పెట్టమన్నాను, డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తమన్నాను. ఆయన "ఏ డబ్బా, మనం దండం పెట్టిన డబ్బానా?" అన్నాడు. అదేనన్నాను.

మీ ఉత్తరంలో "అదొక్కటే మేలు" అన్నచోట కళ్లు ఆగిపోయాయి.

ద్రవం మారలేదని మీకు రాశాను. అది నిజం. మారింది చుక్క. అత్తరు సీసాలోంచి వచ్చేవి పెద్ద చుక్కలు. బరువుకు కింద పడతాయి. ఒకటీ అరా లోపలికి పోయినా ముక్కులోనే ఆగుతాయి. గ్యాసు తోస్తే అదే ద్రవం, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని తుంపరగా చీలిపోతుంది. మీరు అందంగా ఉందన్నది అదే. అది పడదు. తేలుతుంది. ఊపిరితో పాటు చిట్టచివరి దాకా పోతుంది.

అక్కడ కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులు ఉంటాయి. వాటి లోపల తడి. ఆ తడి మీద సబ్బు నురగలాంటి పలచని పొర. ఆ పొర వల్లే ఊపిరి వదిలినప్పుడు తిత్తులు ముడుచుకుని అతుక్కుపోకుండా ఉంటాయి. మన మందు చేసే పని ఏమిటి పెదనాన్నా? తడిని తరమడం. బూటు మీద చేసిన పనే పెద్దమ్మ లోపల చేసింది.

వస్తువు అదే అయినా కొలత మారితే గుణం మారుతుందని మీకు పాఠం చెప్పింది నేను. డబ్బా పంపిందీ నేనే.

ఇస్త్రీ గారిని అడిగాను, పీలిస్తే ఏమవుతుందో ఎవరు చూశారని. ఎవరూ చూడలేదు. "ద్రవానికి అన్ని పరీక్షలూ అయ్యాయి కదమ్మా, డబ్బాకు కూడా పరీక్ష ఏమిటి?" అన్నారు. పెద్దమ్మ సంగతి చెబితే "పెద్దావిడ, ముందు నుంచే ఉబ్బసం ఉందేమో" అన్నారు. డబ్బాలు గోదాములో లారీ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. నేను ఒప్పుకోనన్నాను. "సరే, నేనే వెళ్లి చూసి వస్తాను, అప్పుడు తేల్చుకుందాం" అన్నారు. మీ దగ్గరికి వస్తున్నారు. ఆయన ఏం రాసుకొస్తే అదే నిలుస్తుంది. మీరు ఎవరి ముందూ మాట్లాడరు, నాకు తెలుసు. ఈ ఒక్కసారి మాట్లాడండి. ఆయన అనే ప్రతిదానికీ తల ఊపకండి.

మిరియం


కొట్టు నుంచి

చిరంజీవి మిరియానికి,

డాక్టరమ్మకు డబ్బా చూపించాను. ఆవిడ నన్ను తిట్టలేదు. దాని మీద రాసింది మొత్తం చదివింది, ఇటు తిప్పి అటు తిప్పి. మందులు మార్చింది. ఇప్పుడు పూటలో కాసేపు తొడుగు తీస్తున్నారు. ప్రాణభయం లేదట. మునుపటిలా అవుతుందా అంటే, వయసు ఉంది కదా తాతా, చూద్దాం అంది. డబ్బా మానాక నా గొంతు సర్దుకుంది.

మీ మేనేజరు వచ్చాడు. నువ్వు చెప్పినట్టే, మడతలు లేవు. ముందు మీ పెద్దమ్మ ఆరోగ్యం అడిగాడు. మర్యాద తెలిసినవాడే. తర్వాత వెనక గది చూస్తానన్నాడు.

"ఇక్కడేనా కొట్టారు?"

"అవునండి."

"తలుపులు మూసి?"

"అవునండి."

"మరి గాలి ఆడేచోట కొట్టాలి కదండీ పెద్దాయనా."

డబ్బా మీద ఆ మాట లేదు. అది చెబుదామనుకున్నాను. బయటికి రాలేదు.

"మా ద్రవం పాపం ఏమీ లేనిదండి. మీ అమ్మాయే పరీక్షలు చేసింది. మీ ఇంటి పిల్ల మీకు హాని చేస్తుందా చెప్పండి" అన్నాడు.

తల ఊపాను. వద్దని నువ్వు రాసినా ఊపాను. ఆయన జేబులోంచి కలం తీశాడు. అప్పుడు నాకు ఏమైందో తెలియదు. తల ఊపుతూనే లేచాను. తలుపు వేశాను. కిటికీ వేసి గడియ పెట్టాను. దీపం వేశాను. ఆయన చూస్తానంటాడేమోనని పెరట్లోంచి ముందే తెచ్చి ఉంచిన డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. బూట్లు ముందుకు జరిపాను.

"కొట్టండి" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను మీ పెద్దమ్మ స్టూలు తెచ్చి ఆయన పక్కన వేసి కూచున్నాను. ఆమె కూచునే చోటే. ఆయన వేలు మీట మీద పెట్టాడు. నొక్కలేదు. డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు, మూసిన కిటికీ వైపు చూశాడు. నేను తొందర పెట్టలేదు. ఆయన నుదుటికి చెమట పట్టింది. మొహం మీద మొదటి మడత అప్పుడు చూశాను.

"తలుపు తియ్యండి" అన్నాడు చివరికి. చాలా మెల్లిగా.

తీశాను. డబ్బా బల్ల మీద పెట్టి, ఏమీ రాసుకోకుండా, వానలోకే నడిచి పోయాడు.

అమ్మాయీ, ఆ మనిషి నొక్కి ఉంటే ఏమయ్యేది? ఆయనకూ ఇంట్లో ఎవరో ఉంటారు. ఈ పని చేసింది నేనేనంటే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

పెదనాన్న


నా గది నుంచి

పెదనాన్నా,

లారీ కదలలేదు. డబ్బాలన్నీ దింపించారు.

ఇస్త్రీ గారు తిరిగి రాగానే కంపెనీ యజమానురాలి గదిలోకి వెళ్లారు. మేం బయట నిలబడ్డాం. తలుపు సందులోంచి ఒక్క మాటే వినబడింది. "నా చేతికి ఇచ్చారు మేడమ్. నొక్కలేకపోయాను." అంతకు ముందు ఏం చెప్పారో, తర్వాత ఏం చెప్పారో తెలియదు. బయటికి వచ్చి నా వైపు చూడకుండా వెళ్లిపోయారు. మర్నాడు వచ్చి, ఊపిరి పరీక్షలు చేసేవాళ్ల పేర్లు కనుక్కోమని నాకే చెప్పారు.

నా బల్ల ఉంటుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. నేనూ అడగలేదు. సెలవు దొరికింది, పెద్దమ్మను చూడటానికి వస్తున్నాను. ఆవిడ నన్ను తిడితే పడతాను. తిట్టకపోతే ఏం చెయ్యాలో తెలియదు.

మిరియం


కొట్టు నుంచి

చిరంజీవి మిరియానికి,

నువ్వు వచ్చి వెళ్లాక మీ పెద్దమ్మ కాస్త కోలుకుంది. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతోంది. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఆలోగా చెప్పాలనుకున్న ఐదో మాట మరిచిపోతోంది. విసుగొచ్చి ఇప్పుడు వేలితో చూపిస్తోంది. మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నాకు అది భయం. అందుకని నేనే ఏదో ఒకటి చెబుతున్నాను. తపాలమ్మ వచ్చిందనీ, వాన వెలిసిందనీ. చెప్పడం చేతకాదు. అయినా చెబుతున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న ఒక కొత్త మనిషి బూట్లు తెచ్చాడు. సంచిలోంచి ఒక డబ్బా తీసి "దీంతో కొట్టివ్వు పెద్దాయనా, నీళ్లు అంటవట" అన్నాడు. రంగు వేరు, పేరు వేరు. మీది కాదు. మూత తీసి వీధిలో గాలి వాలు చూసుకుని ఒక్కసారి నొక్కాను. అదే పొగమంచు.

మీది ఒక్కటి ఆపితే అయిపోయిందనుకున్నాను. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి అమ్మాయీ? ఎవరెవరు తలుపులు మూసుకుని కొడుతున్నారు?

ఎక్కడ కొన్నావని అడిగాను. పెద్ద వీధి చివర రంగుల కొట్లో అన్నాడు. బూట్లు అతని చేతికే ఇచ్చేసి, కొట్టు తాళాలాయనకు అప్పగించి బయల్దేరాను. రంగుల కొట్లో అరనిండా ఉన్నాయి. కొట్టాయన "ఏం కావాలి?" అన్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లు కూడా ఉన్నారు. వెనక్కి తిరుగుదామనుకున్నాను. ఆ అర కిందే ఒక ముసలామె స్టూలు వేసుకుని కూచుని మేకులు పొట్లం కడుతోంది. కొట్టాయన వాళ్లమ్మ అట.

మాట్లాడాను. పెద్ద చుక్క, చిన్న చుక్క, తిత్తులు, నురగ, తెల్లగా మారిన బొమ్మ, పెదవులు. నువ్వు రాసిందంతా నా మాటల్లో చెప్పాను. ఎక్కడో తప్పులు పోయి ఉంటాయి. ఎంతసేపు చెప్పానో తెలియదు. కొట్టాయన మొదట చేత్తో పొమ్మన్నాడు. తర్వాత చెయ్యి దించాడు. నేను ఆపేసరికి ముసలామె పొట్లాలు వదిలేసి కొడుకు మొహం చూస్తోంది. అతను డబ్బాలు తీసి అట్టపెట్టెలో పెట్టాడు. "పంపినవాళ్లకే తిప్పి పంపుతాను. మళ్లీ రాకు తాతా, నువ్వు చెబుతుంటే నాకే ఊపిరి ఆడటం లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి మీ పెద్దమ్మకు చెప్పాను. కళ్లు పెద్దవి చేసి చూసింది. "మీరా?" అంది. ఊపిరి తీసుకుంది. "అంతమందిలోనా?" అంది. మళ్లీ తీసుకుంది. ఇంకేదో అనబోయి, అనలేక, పెద్ద వీధికి అవతలి వైపు వేలు చూపించింది.

అటు వైపు కూడా ఒక రంగుల కొట్టు ఉంది. రేపు అక్కడికి వెళ్తాను.

పెదనాన్న